విరగని కాలికి కట్టు

నా కాలు ఎన్నడూ విరగలేదు. అయినా ఐదు నెలల పాటు ఎడమకాలికి తొడ మధ్య నుంచి మడమ దాకా వెదురుబద్దలు కట్టించుకుని మంచం మీద పడుకున్నాను. ఆ సంగతి అప్పట్లో జహీరాబాద్ మొత్తం మీద నలుగురికే తెలుసు. నేను, మా అత్త, మా ఆయన, కట్టు కట్టిన ముసలాయన. మందు రాసిచ్చిన డాక్టరమ్మకు కూడా తెలియదు. ఆమె పడుకోమని మాత్రమే చెప్పింది. ఎట్లా పడుకోబెట్టాలో మా అత్త చూసుకుంది.

పంతొమ్మిది వందల అరవైకి కాస్త అటూ ఇటూ. నాకు పంతొమ్మిదేళ్లు. నేను న్యాల్‌కల్ అవతల, కన్నడం తెలుగు కలగలిపి మాట్లాడే ఊరి పిల్లను. పదహారో ఏట పెళ్లయి జహీరాబాద్ చివర, ఝరాసంగం దారిలో ఉన్న గల్లీకి కోడలిగా వచ్చాను. మామ అప్పటికే పోయాడు. ఇంట్లో మా అత్త, ఆమె ఒక్కగానొక్క కొడుకు, నేను. ఆరెకరాల నల్లరేగడి, రెండెడ్లు, ఒక బర్రె. వాకిలికి అడ్డంగా ఛాతీ ఎత్తు మట్టిగోడ, ఆ గోడకు అవతల మా మామ అన్న భార్య. నేను ఆమెను పెద్దత్త అనేదాన్ని. గోడ పొట్టిది, ఆమె మెడ పొడుగుది. మా పొయ్యి మీద ఏం ఉడుకుతుందో మాకంటే ముందు ఆమెకే తెలిసేది.

అప్పటికి నాకు రెండు కడుపులు పోయాయి. మొదటిది మూడో నెలలో, జొన్నచేనులో కలుపు తీస్తుండగా. రెండోది ఐదో నెలలో, విసుర్రాయి దగ్గర. రెండోసారి ఇంట్లో ఎవరూ గట్టిగా ఏడవలేదు, నన్నూ ఏడవనివ్వలేదు. మూడో రోజుకే పెద్దత్త గోడ మీద మోచేతులు ఆనించి, నాకు వినబడేటట్టే మా అత్తతో అంది.

"ఒక్కడే కొడుకు. గీ పిల్ల కడుపు నిలిచేటట్టు లేదు. మా తమ్ముని బిడ్డ ఈడుకొచ్చింది. వచ్చే ఉగాది దాంక సూద్దాం, ఆ తర్వాత నా మాట ఇనుండ్రి."

మా అత్త అవుననలేదు, కాదనలేదు. మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు, నోట్లో మాటుంటే కదా! ఎడ్లకు గడ్డి వేసే పని ఉందని వెనక్కి వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు వచ్చిన కోపానికి ఆ గోడను కాలితో తన్ని పడగొట్టేదాన్నే. ఒంట్లో సత్తువ లేక ఊరుకున్నాను.

మూడోసారి నెల తప్పింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. నాలుగో నెలలో పడ్డాక, దసరా వెళ్లిన వారానికి, గడ్డిమోపు ఎత్తి నెత్తిన పెట్టుకోబోతుంటే చీర తడిసింది. చూసుకుంటే ఎర్రగా ఉంది. మోపు అక్కడే పడేసి కొట్టంలో కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మా అత్త వచ్చింది. ఆమె నోరు గల్లీలో అందరికీ తెలుసు. తిడుతుందనే అనుకున్నాను. ఆమె నా ముఖం చూసింది, చీర చూసింది.

"లేవకు. ఉన్నకాడ్నే పండుకో," అంది.

కొడుకుతో బండి కట్టించింది. బండిలో మూరెడు మందాన గడ్డి పరిచి, పైన రెండు బొంతలు వేసి, నన్ను చంటిపిల్లలా ఎత్తి పడుకోబెట్టింది. దవాఖానకు పోయేదాకా, ఎడ్లను మెల్లగా తోలమని కొడుకును తిడుతూనే ఉంది.

సర్కారు దవాఖానలో కొత్తగా ఒక లేడీ డాక్టరమ్మ ఉండేది, కోస్తా వైపు నుంచి వచ్చినామె. చూసి, సూదిమందు వేసి, చెయ్యి కడుక్కుంటూ చెప్పింది.

"బిడ్డ ఇంకా ఉంది. నిలబడాలంటే ఈ అమ్మాయి మంచం దిగకూడదు. మంచానికి కాళ్ల వైపు రెండేసి ఇటుకలు పెట్టండి. బయటికి వెళ్లడానికి తప్ప లేవనివ్వకండి. బరువులు ఎత్తడం, వంగడం, బండెక్కడం అన్నీ బందే."

"ఎన్ని దినాలు, డాక్టరమ్మా?" అని అత్త అడిగింది.

"కాన్పు దాకా అనుకోండి." తర్వాత నా వైపు తిరిగింది. "ఇంట్లో పడుకోనిస్తారా అమ్మా?"

అత్తే జవాబు చెప్పింది. "పండుకుంటది. నేనుండంగ ఎందుకు పండుకోదు?"

ఇంటికొచ్చి, ఇటుకలు పెట్టి, నన్ను పడుకోబెట్టి, కొడుకును చేనుకు తోలేసి, తలుపు దగ్గరికి వేసి అత్త నా పక్కన కూర్చుంది.

"నీ మొగని కన్న ముందుగాల నాకు ముగ్గురు పోయిన్రు. ఒకడు చేన్ల, ఒకడు బాయి కాడ. ఒక ఆడిపిల్ల ఏడో నెలల, గీ ఇంట్లనే. పండుకో అని జెప్పేటోళ్లు లేకుండె. జెప్పినా పండుకోనిచ్చేటోళ్లు లేకుండె. గీసారి నేను పండుకోబెడ్త. నువ్వు పండుకో."

మూడేళ్లలో ఆమె నాతో అంతసేపు మెత్తగా మాట్లాడటం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు.

"మరి పెద్దత్త? గల్లీ?" అన్నాను.

"గదే సోంచాయిస్తున్న. కడుపుతోని పండుకుంటె మన గల్లీల ఏమంటరు? పనిదొంగ అంటరు. రోగంపిల్లను జేసుకున్నరంటరు. గంత మాట జాలు మా యారాలుకు, తెల్లారేసరికి తన తమ్ముని బిడ్డను బండెక్కించుకొస్తది. గదే కాలిరిగిందనుకో, ఎవ్వరేమనరు. కాలిరిగినోళ్లను లేచి నీళ్లు తేపో అని ఎవ్వరంటరు?"

నేను అర్థం కాక చూస్తున్నాను. ఆమె అప్పుడే లేచి నడుముకు కొంగు బిగించింది.

మర్నాడు పొద్దున్నే మా అత్త స్నానాల బండ మీద రెండు కడవల నీళ్లు కుమ్మరించింది. పాత కుండ ఒకటి ఎత్తి దాని మీద పగలగొట్టింది. ఆ తర్వాత గుండెలు బాదుకుంటూ, "అయ్యో, నా కోడలు జారి పడ్డదే! కాలిరిగిందే!" అని గల్లీ దద్దరిల్లేటట్టు అరిచింది. లోపలికి పరుగెత్తుకొచ్చి, బొంత కింద పడుకున్న నన్ను గిల్లి, "ఒర్రు!" అంది. నేను అరిచాను. ఉత్తుత్తి అరుపనే మొదలుపెట్టాను. కానీ ఎక్కడెక్కడిదో బయటికి వచ్చేసింది. మొదటిసారి ఏడవనిది, రెండోసారి ఏడవనివ్వనిది, అంతా కలిపి అరిచాను. చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చి చేరారు. ఎవరికీ అనుమానం రాలేదు. మా అత్త కూడా ఒక నిమిషం భయపడి, నిజంగా ఏమైనా అయిందా అన్నట్టు నన్ను చూసింది.

చిరాగ్‌పల్లిలో ఒక పైల్వాన్ ఉండేవాడు. వయసులో కుస్తీలు పట్టి, ముసలితనంలో ఎముకలు కట్టే పనిలో ఉన్నాడు. మనుషులకూ కట్టేవాడు, ఎడ్లకూ కట్టేవాడు. అత్త ఆయనను పిలిపించింది. ఆడవాళ్లందరినీ బయటికి పంపి తలుపు వేసింది. ఆయన నా కాలు వేళ్లతో ఒక్కసారి తడిమి, కళ్లు చిట్లించాడు.

"గిది ఇరగలే," అన్నాడు.

"ఎరికే పైల్వాన్ సాబ్. కట్టుండ్రి."

"తోబా తోబా! ఇరగని బొక్కకు నేను కట్టు కట్ట. గిది పైవాడిచ్చిన విద్య. అబద్ధం జేస్తె చేతులకెల్లి పోతది."

మా అత్త ఏదీ దాచలేదు. పోయిన ఇద్దరి గురించి చెప్పింది, తన ముగ్గురి గురించి చెప్పింది, డాక్టరమ్మ మాట చెప్పింది. చివరికి చేతులు జోడించింది. ఆమె ఎవరికైనా చేతులు జోడించడం నేను ఆ ఒక్కసారే చూశాను.

"మీరు ఇరిగినంక కడ్తరు. నేను ఇరగక ముందు కట్టుమంటున్న, గంతే ఫరక్."

ముసలాయన నా మంచం కింద ఇటుకల వైపు చాలాసేపు చూశాడు. గడ్డం నిమురుకున్నాడు. తర్వాత సంచి విప్పి వెదురుబద్దలు బయటికి తీశాడు.

"ఇరిగిందని నోటితోని మాత్రం జెప్ప. ఎవ్వరడిగినా కట్టిన అంట. ఇంకోటి, పదిహేను దినాలకోసారి ఇప్పి, నూనె రాసి, కాలు మడిచి సాపాలె. మర్వొద్దు."

కోడిగుడ్డు సొన, మినప్పిండి కలిపి పూసిన గుడ్డ చుట్టి, బద్దలు పేర్చి, పైన నులకతాడు బిగించాడు. ఆ కంపు నాకు వారం దాకా ముక్కు వదల్లేదు.

మా ఆయనకు ముందుగా ఏమీ చెప్పలేదు. కొడుకు కడుపులో మాట ఆగదని మా అత్త నమ్మకం. సాయంత్రం చేను నుంచి పరుగున వచ్చాడు. కట్టు చూసి ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కాలి దగ్గర కూర్చుని, వేడిపాల మీద ఊదినట్టు ఆ కట్టు మీద ఊదడం మొదలుపెట్టాడు. "మస్తు నొస్తున్నదా?" అని అడిగాడు. నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా అత్త చేసేది లేక సంగతంతా చెప్పింది. ఆయన లేచి ఖాళీ కడవలు అందుకున్నాడు.

"అయితె నీళ్లు నేను తెస్త," అన్నాడు.

మా గల్లీలో మగవాళ్లు బావి నుంచి ఇంటికి నీళ్లు మోయడం ఎవరూ చూసి ఎరగరు. ఆయన కావడి కట్టుకుని రోజూ మోశాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు, మగవాళ్లు మొహం మీదే నవ్వారు. ఆయన తల వంచుకుని మోశాడు. అయితే అత్త భయపడ్డట్టే నోరు కూడా జారాడు. చాయ్ హోటల్లో ఎవరో అడిగితే, "రెండు తాన్ల ఇరిగింది, ఒకతాన చూరచూర," అని చెప్పి వచ్చాడట. ఆ మాట చిరాగ్‌పల్లి దాకా పాకింది. పైల్వాన్ కబురు పెట్టాడు, నీ కొడుకు నోటికి కూడా కట్టు కట్టాల్నా అని.

పడుకోవడం సుఖమనుకునేవాళ్లు ఒక్క వారం పడుకుని చూడాలి. కాళ్లు పైకి, తల కిందికి. తిన్న గటక గొంతులోకే తిరిగి వచ్చేది. వీపు కాగిపోయేది. కట్టులోపల దురద పుడితే జొన్నపుల్ల దూర్చి గోక్కునేదాన్ని. పెరట్లో తడికలు కట్టి చాటు చేశారు, అక్కడికి అత్త భుజం పట్టుకుని ఒంటికాలితో పోవాలి. నిజంగా విరిగినవాళ్లు కూడా అంత జాగ్రత్తగా కుంటి ఉండరు. చేటలో కందులు ఏరడం, వెల్లుల్లి వొలవడం, పడుకుని చేయగలిగే పనులన్నీ చేశాను. మిగిలినవన్నీ మా అత్త మీద పడ్డాయి. బర్రె పాలు, పేడ, రొట్టెలు, చేను. యాభై దాటిన మనిషి. రొట్టె కొడుతూ కొడుతూ పొయ్యి ముందే కునికేది. లేస్తానంటే గుడ్లురిమేది.

ఇప్పుడు కడుపుతో ఉన్న మా మనవరాలిని చూస్తున్న డాక్టరమ్మ, ఊరికే పడుకోవద్దు, మెల్లగా తిరుగు అని చెప్పిందట. పడుకున్నంత మాత్రాన బిడ్డ నిలుస్తుందని ఇప్పుడు ఎవరూ గట్టిగా చెప్పడం లేదట. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. మరి నా ఐదు నెలలు ఏమైనట్టు? రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా ఆలోచించాను. నాకు మంచం పని చేసిందో, మంచం వల్ల తప్పిన గడ్డిమోపులు, బిందెలు, విసుర్రాయి పని చేశాయో, లేక ఆ బిడ్డే గట్టిదో, నేనెట్లా చెప్పగలను? ఏది పని చేసినా, నన్ను ఎవరూ లేవమనకుండా ఆపింది మాత్రం ఆ కట్టే. అందుకు ఏ డాక్టరూ అడ్డం చెప్పలేదు.

ఆరో నెల దాటాక కడుపు బొంత కింద దాగలేదు. గల్లీకి తెలిసింది. కాలు విరిగినదానికి కడుపు కూడానా, పాపం, అన్నారు అందరూ. పెద్దత్త ఒక్కతే పాపం అనలేదు. రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

సనగచేను పీకే రోజులు. మా అత్త, మా ఆయన పొద్దున్నే చేనుకు పోయారు. నాకు ఎనిమిదో నెల. ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు పెద్దత్త ఒక చెంబులో వేడినీళ్లు, చేతిలో గుడ్డ పట్టుకుని లోపలికి వచ్చింది.

"నలభై దినాలల్ల ఎద్దు కాలతుకుతది. నీది నాలుగు నెల్లయినా అతుకదా? కట్టిప్పి జూస్త. కడుపుతోని గిట్ల పండుకుంటె పిల్ల ఈపుకు అంటుకుంటది. నీ మంచికే జెప్తున్న, లే."

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని నులకతాడు ముడి మీద వేడినీళ్లు పోసింది. ముడి వదులవుతోంది. నేను లేవకూడదు, వంగకూడదు, కాలు విదిలించకూడదు. కట్టు ఊడితే, తెల్లారేసరికి నేను పనిదొంగను, అబద్ధాలకోరును, లేచి గడ్డిమోపు ఎత్తాల్సినదాన్ని. అంతే, బిడ్డ సంగతి అక్కడితో సరి.

నేను లేవకుండానే పోట్లాడాను. మంచినీళ్ల చెంబు చేతికి అందింది, అది విసిరాను. తలకు తగల్లేదు, భుజానికి తగిలింది. కందుల చేట విసిరాను. ఆ తర్వాత నాకు మిగిలింది నోరే. మా అమ్మ వైపు కన్నడం, మా అత్త నేర్పిన తెలుగు, రెండూ కలిపి అందుకున్నాను.

"అయ్యో, రాండ్రి! పెద్దత్త నా కాలు గుంజుతున్నది! అతుకుతున్న బొక్క ఊడదీస్తున్నది! నేను కుంటిదాన్నయితె నా పిల్లను నువ్వు సాదుతవా? నువ్వు సాదుతవా?"

గల్లీలో ఉన్న ఆడవాళ్లంతా గడపలో నిలబడ్డారు. ఒకామె ముక్కున వేలేసుకుంది. "పైల్వాన్ కట్టిన కట్టు ఎవ్వలన్న ముట్టుకుంటరా అక్కా? గదేం బుద్ధి?" అంది. పెద్దత్త చేతులు వెనక్కి తీసుకుంది. పోతూ పోతూ, "ఉగాది ఎంతో దూరం లేదు, సూద్దాం తియ్," అని గొణిగింది.

అందరూ పోయారు. కడుపు రాయిలా బిగుసుకుపోయింది. లోపల కదలిక లేదు. చెయ్యి పెట్టి చూశాను, లేదు. నీడ గోడ దాటింది, అయినా లేదు. పోట్లాటలో గెలిచి బిడ్డను పోగొట్టుకున్నానా అనుకున్నాను. ఆ భయం ఎంతటిదో నాకు ఇప్పటికీ చెప్పడం చేతకాదు. మా అత్త చేను నుంచి వచ్చి, నా ముఖం చూసి, ఏమీ అడగకుండా చల్లటి తడిచెయ్యి నా పొట్ట మీద పెట్టింది. ఒక్కసారి ఆమె అరచేతి కింద గట్టిగా తన్ను పడింది. చెయ్యి ఎగిరింది. మా అత్త పకపకా నవ్వింది. "నీ కంటె ఎక్కువ కోపం ఉన్నట్టుంది దీనికి," అంది.

కాముని పున్నమి మర్నాడు, గల్లీ అంతా రంగుల్లో ఉండగా, నొప్పులు మొదలయ్యాయి. ఉగాదికి ఇంకా రెండు వారాలుంది. మంత్రసాని వచ్చి, ముందు ఆ కట్టు తీసేయండి, కాలు మడవకపోతే కాన్పెట్లా అని అరిచింది. అత్త కొడవలితో తాళ్లు కోసింది. పెద్దత్త గడప దగ్గరే నిలబడి ఉంది. ఆమె కాలు వైపు చూస్తోందని నాకు తెలుసు. చూడనీ, అనుకున్నాను. నాకు అప్పుడు కాలు లేదు, గల్లీ లేదు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చే వేళకు బిడ్డ బయటపడింది, పడగానే ఏడ్చింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే, రంగులు చల్లుకుంటున్నవాళ్లు ఆగి మా ఇంటి వైపు చూశారట.

"ఆడిపిల్లనా," అంది పెద్దత్త, పెదవి విరుస్తూ.

"నా మనుమరాలు," అంది మా అత్త. ఆ మాట అంటూ ఏడ్చేసింది.

మా ఆయన తలనిండా ఎర్రరంగుతో వచ్చి బిడ్డను చూశాడు. చూసి నేరుగా వాకిట్లోకి పోయి, పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి గోడ దగ్గర నిలబడి గొంతు పెంచాడు.

"పెద్దమ్మా, నీ తమ్ముని బిడ్డ ముచ్చట ఇగ మా ఇంట్ల ఎత్తకు. ఎత్తినవంటె గీ గోడ ఇంకో నిలువు లేపుత."

నాకు ఒళ్లంతా నొప్పులున్నా నవ్వొచ్చింది. మాట లేని మనిషి దాచుకుని దాచుకుని, చివరికి పనికొచ్చే మాటే అన్నాడు.

మూడో రోజు లేచి నిలబడబోయి కుప్పకూలాను. ఎడమకాలు జొన్నదంటులా సన్నబడి తెల్లగా ఉంది. మడతపడదు, బరువు ఆనదు. పైల్వాన్ వచ్చి చూసి, మా అత్త మీద విరుచుకుపడ్డాడు.

"నేనేం జెప్పిన, మీరేం జేసిన్రు? పదిహేను దినాలకోసారి ఇప్పుమన్ననా లేదా?"

మా అత్త తల దించుకుంది. ఒక్కసారి కూడా విప్పలేదు. గోడ మీద నుంచి ఎవరైనా చూస్తారేమోనని, విప్పిన రోజే సంగతి బయటపడుతుందేమోనని, ఐదు నెలలూ అట్లానే ఉంచింది. విరగని కాలిని మేమే పాడుచేసుకున్నాం. నేను కూడా అడగలేదు. కాలు గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది నాకు?

"ఫికర్ జెయ్యకు బిడ్డా," అన్నాడు ముసలాయన నాతో. "కాలు పోలే, నిద్రపోయింది. లేపుదాం."

రోజూ చిరాగ్‌పల్లి నుంచి నడిచి వచ్చి నువ్వులనూనెతో తోమాడు. మడిచాడు, చాపాడు. నేను పళ్లు బిగించి తిట్టాను. ఆయన నవ్వుతూ తోమాడు. పదో రోజుకు గోడ పట్టుకుని నిలబడ్డాను. పదిహేనో రోజుకు వాకిలి దాటాను. ఉగాది కూడా వెళ్లిపోయింది. మా ఇంట్లోకి ఏ బండీ రాలేదు.

ఇరవై ఒకటో రోజు. బాలింత బావి దగ్గరికి పోయి, పసుపు కుంకుమ పెట్టి, నీళ్లు చేదాలి. అంతదాకా ఆమె నీళ్లు ముట్టరాదు. గల్లీ ఆడవాళ్లంతా బావి దగ్గర పోగయ్యారు. మా అత్త బిడ్డను ఎత్తుకుని ముందు నడిచింది. నేను వెనక, ఎవరి భుజమూ పట్టుకోకుండా, కుంటుకుంటూ నడిచాను. దారి పొడుగునా నా కాలే చూశారు. చూడనీ. బావికి బొట్లు పెట్టాను, బొక్కెన వదిలాను. చేదేటప్పుడు ఎడమకాలు వణికింది కానీ నిలబడింది. నిండు బొక్కెన పైకి వచ్చింది. నాకు కేక వేయాలనిపించింది.

"కుంటికాలుతోని పిల్లనెట్ల సాదుతదో," అంది పెద్దత్త పక్కవాళ్లతో, నాకు వినబడేటట్టే.

నేను బొక్కెన గట్టు మీద పెట్టి ఆమె వైపు తిరిగాను.

"నా కాలు ఇరగలే పెద్దత్తా. ఎన్నడు ఇరగలే."

మా అత్త నన్ను ఆపబోయి, ఆగిపోయింది.

"మంచం దిగితె బిడ్డ దక్కదని డాక్టరమ్మ జెప్పింది. ఉత్తగ పండుకుంటె మీరు పండుకోనిస్తుండెనా? అందుకే కట్టు కట్టించుకున్న. అబద్ధమాడిన. మీ అందరికి ఆడిన. గిదో, నా బిడ్డ. ఇగ ఎవ్వరేమంటరో అనుండ్రి."

"కట్టుమన్నది నేను," అంది మా అత్త, బిడ్డను కాస్త పైకి ఎత్తి పట్టుకుని. "నన్ను కూడ అనుండ్రి."

పెద్దత్త నోరు తెరిచింది, చుట్టూ చూసింది, మూసుకుంది. అక్కడ నాకంటే రెండేళ్లు చిన్నదైన ఒక కోడలు ఉంది, మాకు నాలుగిళ్ల అవతల పిల్ల. కిందటేడు దానికి ఒకటి పోయింది. మళ్లీ ఇప్పుడు నాలుగో నెల. నెత్తి మీద రెండు నిండు బిందెలు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, ఇంటికి పోబోతూ ఆగి నా మాటలు వింటోంది. దాని అత్త పక్కనే నిలబడి ఉంది. ఆమె మా అత్త చేతుల్లోని బిడ్డ వైపు చాలాసేపు చూసింది. తర్వాత కోడలి నెత్తి మీది పై బిందె దించింది. కింది బిందె కూడా దించింది.

"ఇంటికి పో," అంది. "పోయి పండుకో. నీళ్లు నేను తెస్త."

ఆ పిల్ల ఖాళీ చేతులతో గల్లీ దారి పట్టింది. దానికి కాలు విరగవలసిన అవసరం రాలేదు.